ఓరిక్స్ ఎక్కువైందా, నేల తక్కువైందా?

ఖతార్‌లో నది లేదు. మనం ఊళ్ళో చూసే లాంటి అడవి లేదు. ఏడాది పొడుగునా కురిసే వాన మొత్తం కలిపినా 80 మిల్లీమీటర్లు దాటడం కష్టం. ఇలాంటి దేశంలో "జింకలు మరీ ఎక్కువైతే ఏం చేయాలి?" అని ఎవరైనా అడిగితే నవ్వొస్తుంది. ఆ ప్రశ్న అమెరికాకో, జపాన్‌కో చెందినది అనిపిస్తుంది.

కానీ ఈ ప్రశ్న అరేబియా ఎడారిలోనూ ఉంది. దాని చరిత్ర చాలా విచిత్రమైనది. 1972లో ఈ ఎడారిలో స్వేచ్ఛగా తిరిగే ఓరిక్స్ ఒక్కటి కూడా మిగల్లేదు. 40 ఏళ్ళు కూడా గడవకముందే, 2011లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం లెక్క ప్రకారం, బయట తిరిగేవి సుమారు 1,000, మనుషుల సంరక్షణలో ఉన్నవి 6,000 నుంచి 7,000. అంటే ప్రతి ఏడెనిమిది ఓరిక్స్‌లలో ఒక్కటే కంచె అవతలి నేల చూసింది. ఈ వ్యాసం ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో చెప్పే ప్రయత్నం.

ముందు మాటల సంగతి

ఇది చదివేవాళ్ళలో చాలామంది నాలాగే తెలుగు ఇంట్లో విని, బడిలో వేరే భాష చదువుకున్నవాళ్ళు. అందుకని ముందు పేర్లు చూద్దాం.

మన ఇళ్ళలో దేన్ని చూసినా "జింక" అంటారు. కానీ తెలుగులో చాలా పేర్లున్నాయి. ఒంటి మీద తెల్ల చుక్కలున్నది చుక్కల దుప్పి. పెద్దగా, ముదురు రంగులో ఉండేది కణితి. నల్ల వీపు, మెలి తిరిగిన కొమ్ములు ఉన్నది కృష్ణజింక. మగదాన్ని ఇర్రి అని, ఆడదాన్ని లేడి అని పాత మాట. గుర్రమంత ఎత్తుండేది మనుబోతు.

ఇవన్నీ ఒకే కుటుంబం కాదు. దుప్పికి, కణితికి కొమ్ములు కొమ్మల్లాగా చీలుతాయి. అవి రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింకకు, మనుబోతుకు కొమ్ములు చీలవు, రాలవు. బతికినంత కాలం అవే. ఖతార్ జాతీయ జంతువైన అరేబియా ఓరిక్స్ ఈ రెండో గుంపులోది. అంటే చుట్టరికంలో దుప్పి కంటే మన కృష్ణజింకకే దగ్గర.

అరబిక్‌లో ఓరిక్స్‌ను "మహా" అంటారు. "వుదైహీ" అని ఇంకో పేరుంది, దానిలో తెలుపు, వెలుగు అనే అర్థం ఉంది. ఒళ్ళంతా తెలుపు, కాళ్ళు ముదురు గోధుమ రంగు, నిటారుగా రెండు పొడవాటి కొమ్ములు. మనం అందమైన కళ్ళను లేడికళ్ళు అన్నట్టే అరబ్ కవులు మహా కళ్ళు అన్నారు. ఇక్కడ ఇంకో చిన్న జంతువు కూడా ఉంది. దాని పేరు రీమ్, ఇసుక రంగు గజెల్. మహా, రీమ్ రెండూ ఇక్కడ ఆడపిల్లల పేర్లు కూడా. మన దగ్గర హరిణి అని పెట్టుకున్నట్టే.

ఎడారి ఎలా ఖాళీ అయింది

ఓరిక్స్‌ను ఎడారి మనుషులు ఎప్పటినుంచో వేటాడారు. కానీ ఒంటె మీద వెళ్ళి, నాలుగైదు రోజులు అడుగులు వెతికి, చివరికి ఒకదాన్ని కొట్టడం చాలా కష్టమైన పని. మాంసం, తోలు, పరువు కోసం చేసేవాళ్ళు. ఆ వేటతో జాతి అంతరించలేదు.

మార్పు తెచ్చినవి రెండు: మోటారు బండి, తుపాకీ. రెండింటి వెనకా చమురు డబ్బు ఉంది. ఖతార్ నుంచి మొదటి చమురు ఓడ 1949 చివర్లో బయలుదేరింది. ఆ తర్వాతి పదేళ్ళలో అరేబియా అంతటా వేట మారిపోయింది. బల్లపరుపు నేల మీద తెల్లటి జంతువు చాలా దూరం నుంచి కనబడుతుంది. ఎండను తిప్పికొట్టే ఆ తెలుపే బండిలో వచ్చినవాడికి గురి అయింది. ఓరిక్స్ ఎంత పరిగెత్తినా బండి అలిసిపోదు.

ఈ కథలో ఖతార్‌కు రెండు పాత్రలున్నాయి. 1960ల మొదట్లో ఖతార్ నుంచి బండ్లలో వెళ్ళిన వేటగాళ్ళ గుంపు ఇప్పటి యెమెన్ తూర్పు భాగంలో, అప్పటి ఏడెన్ సంరక్షిత ప్రాంతంలో, మిగిలిన కొద్ది ఓరిక్స్‌లలో చాలావాటిని చంపింది. అదే కాలంలో ఖతార్‌లోనే, పాలక కుటుంబానికి చెందిన ఒక తోటలో, కొన్ని ఓరిక్స్‌లు సంరక్షణలో పెరుగుతున్నాయి. చంపినవాళ్ళూ ఇక్కడివాళ్ళే, దాచినవాళ్ళూ ఇక్కడివాళ్ళే. చరిత్ర చదివేటప్పుడు ఈ రెండింటిలో ఒకటే గుర్తుపెట్టుకోవడం సులువు. నాకు రెండూ కావాలి.

1972 అక్టోబరులో ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసీస్ అనే రాతి మైదానంలో చివరి అడవి మంద పోయింది. అదే ఏడాది భారతదేశం వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది, మన కృష్ణజింకను వేట నుంచి కాపాడింది ఆ చట్టమే.

తొమ్మిది జంతువులు

చివరి మంద పోకముందే కొందరు మేలుకున్నారు. 1962లో ఒక బ్రిటిష్ వన్యప్రాణి సంస్థ "ఆపరేషన్ ఓరిక్స్" మొదలుపెట్టింది. మేజర్ ఇయాన్ గ్రిమ్‌వుడ్ నాయకుడు. ఏడెన్ ఎడారిలో నాలుగు ఓరిక్స్‌లను పట్టుకున్నారు. ఒకటి చనిపోయింది. మూడు మిగిలాయి. లండన్ జూ ఒకటి ఇచ్చింది. కువైట్ నుంచి ఒకటి వచ్చింది. సౌదీ రాజు నాలుగు ఇచ్చాడు. మొత్తం తొమ్మిది.

వీటిని అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ జూకు పంపారు. అక్కడి ఎండ, పొడి గాలి అరేబియాలాగే ఉంటాయని. దానికి "ప్రపంచ మంద" అని పేరు పెట్టారు. మంద పెరిగింది. కొన్ని శాన్ డియేగో వెళ్ళాయి. అక్కడినుంచి 1970ల చివర్లో మళ్ళీ అరబ్ దేశాలకు రావడం మొదలైంది.

ఖతార్ తన దగ్గరున్న ఓరిక్స్‌ల కోసం 1979లో షహానియాలో ఒక రక్షిత కేంద్రం ఏర్పాటు చేసింది. షహానియా దోహాకు పడమర, ఒంటె పందాలు జరిగే ఊరు. తర్వాత 1990లలో నైరుతిలో, అబూ సమ్రా సరిహద్దు వైపు, మషాబియా రక్షిత ప్రాంతం వచ్చింది.

అప్పటికి ఓరిక్స్ ఒక గుర్తు కూడా అయింది. ఖతార్ ఎయిర్‌వేస్ విమానం తోక మీద ఉన్నది ఓరిక్స్ తల. 2006 దోహా ఆసియా క్రీడల బొమ్మ "ఓరీ" అనే ఓరిక్స్. హమద్ విమానాశ్రయంలో పిల్లలు ఎక్కి ఆడుకునే కంచు ఓరిక్స్‌లున్నాయి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఓరిక్స్ బొమ్మను వెయ్యిసార్లు చూస్తారు. నేల మీద నడిచే ఓరిక్స్‌ను బడి విహారయాత్రలో ఒక్కసారి, కంచె బయట నిలబడి చూస్తారు.

కంచె లోపలి లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఓరిక్స్ కడుపుతో ఉండేది దాదాపు ఎనిమిదిన్నర నెలలు. ఒక ఈతలో ఒకే పిల్ల. ఈనిన కొద్ది కాలానికే మళ్ళీ ఎదకు రాగలదు. మేత బాగుంటే ఏడాదికి ఒక పిల్ల. కరువు వస్తే, నిజమైన ఎడారిలో, ఈ లెక్క ఆగిపోతుంది. పిల్లలు పుట్టవు, పుట్టినవి బతకవు.

కంచె లోపల కరువు రాదు. లూసర్న్ గడ్డి రోజూ వస్తుంది, నీళ్ళ తొట్టి నిండుతుంది, నీడకు పందిరి ఉంటుంది, పశువుల డాక్టర్ ఉంటాడు. తోడేలు లేదు. ఒక మంద ఏడాదికి నూటికి ఇరవై చొప్పున పెరుగుతుందని అనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. 50 ఓరిక్స్‌లు నాలుగేళ్ళలో 100 అవుతాయి. ఎనిమిదేళ్ళలో 200. పన్నెండేళ్ళలో 400. కంచె మాత్రం మొదటి రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది.

ఇంకో చిక్కు మగవాటితో వస్తుంది. ఎడారిలో ఓడిపోయిన మగ ఓరిక్స్ మందను వదిలి దూరంగా వెళ్ళిపోతుంది. కంచెలో ఎక్కడికి వెళ్తుంది? మళ్ళీ అదే గెలిచినదాని ముందుకే వస్తుంది. ఆ కొమ్ములు ఈటెల్లాంటివి. అందుకే మగవాటిని వేరే దొడ్లో పెడతారు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించేటప్పుడు కొమ్ములకు గొట్టాలు తొడుగుతారు.

సంఖ్య పెరిగినంత మాత్రాన జాతి బలపడిందనీ కాదు. మొదలు చాలా కొద్ది జంతువులతో అయింది కాబట్టి ఇప్పుడు వేలల్లో ఉన్నా అందరూ దగ్గరి చుట్టాలే. మేనరికాల గురించి మన ఇళ్ళలో డాక్టర్లు చెప్పే జాగ్రత్తే ఇక్కడా. అందుకని "ఎక్కువైన" వాటిని పంపించేటప్పుడు ఏది పడితే అది పంపకూడదు. ఏ తల్లికి పుట్టింది, ఏ తండ్రికి పుట్టింది అని రాసిపెట్టిన పుస్తకం చూసి పంపాలి.

ఈ మందల వెనక మనుషుల పని కూడా ఉంది. గల్ఫ్‌లో పశువుల దొడ్డిని, పొలాన్ని ఇజ్బా అంటారు. ఆ ఇజ్బాల్లో గడ్డి మోపులు మోసి, తొట్లు కడిగి, ఎండలో జంతువులను కనిపెట్టుకునేవాళ్ళలో సూడాన్, నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళతో పాటు తెలంగాణ, రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. గల్ఫ్ జంతువుల చరిత్రలో వాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు.

కంచె ఉన్నా కష్టం, లేకున్నా కష్టం

పక్క దేశాల్లో జరిగిన మూడు సంగతులు చూస్తే ప్రశ్న ఇంకా బాగా అర్థమవుతుంది.

మొదటిది జోర్డాన్‌లోని షౌమరీ. 1978లో అమెరికా నుంచి ఎనిమిది ఓరిక్స్‌లు వచ్చాయి. ఖతార్ కూడా కొన్నింటిని పంపింది. 1983లో 31 ఓరిక్స్‌లను కంచె వేసిన రక్షిత ప్రాంతంలోకి వదిలారు. దాని విస్తీర్ణం 22 చదరపు కిలోమీటర్లు. కొన్నేళ్ళలోనే సంఖ్య వంద దాటి పెరుగుతూ పోయింది. గడ్డి చాలలేదు. బయటి నుంచి మేత తేవాల్సి వచ్చింది. అడవి జంతువు మళ్ళీ దొడ్డి జంతువైంది. చివరికి కొన్నింటిని వేరే చోట్లకు పంపారు.

రెండోది ఒమాన్. అక్కడ 1982లో యాలూనీ అనే చోట కంచె లేకుండా వదిలారు. ఒకప్పుడు ఆ మైదానంలో ఓరిక్స్‌ను వేటాడిన హరాసీస్ తెగవాళ్ళే కాపలా కాశారు. ఎక్కడ వాన పడితే అటు ఓరిక్స్‌లు నడిచాయి. 1994లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1996 నాటికి 450 ఓరిక్స్‌లున్నాయి. అప్పుడు దొంగలు మొదలయ్యారు. వాళ్ళు మాంసం కోసం రాలేదు. ప్రాణాలతో పట్టి, సొంత జూలు పెట్టుకున్న డబ్బున్నవాళ్ళకు అమ్మడానికి వచ్చారు. 2007 నాటికి 65 మిగిలాయి. ఒమాన్ ప్రభుత్వం రక్షిత ప్రాంతాన్ని 90 శాతం తగ్గించింది. ఆ ఏడాదే యునెస్కో ఆ పేరును జాబితా నుంచి తీసేసింది. ఆ జాబితా నుంచి ఒక స్థలాన్ని తీసేయడం అదే మొదటిసారి.

ఇది మళ్ళీ ఒకసారి ఆలోచించండి. ఒకచోట కంచె లోపల స్థలం చాలడం లేదు. ఇంకోచోట బయట తిరిగేదాన్ని పట్టి కంచె లోపలికి తోస్తున్నారు. రెండూ ఒకే కాలంలో, ఒకే ద్వీపకల్పం చుట్టుపక్కల జరిగాయి.

మూడోది సౌదీ అరేబియాలోని మహాజత్ అస్ సయ్ద్. షౌమరీ చిన్నది, ఇక్కడ మాత్రం దాదాపు 2,200 చదరపు కిలోమీటర్లకు కంచె వేశారు. ఖతార్ మొత్తంలో ఐదో వంతు అన్నమాట. 1990లో ఓరిక్స్‌లను వదిలారు. మేత వేయలేదు, వాటంతట అవే బతికాయి. మంద పెరిగింది. 1990ల చివరి నుంచి వానలు తగ్గాయి. వందల ఓరిక్స్‌లు, ఇంకా ఎక్కువ రీమ్‌లు ఆకలితో చచ్చిపోయాయి. కంచె లేకపోతే అవి వాన పడిన చోటుకు వెళ్ళేవి. వేటగాణ్ణి ఆపిన కంచే వాటినీ ఆపింది.

అంటే మూడు చోట్లా "ఎంత ఎక్కువ?" అనే మాటకు మూడు జవాబులు. 22 చదరపు కిలోమీటర్లలో వంద ఎక్కువ. వాన పడిన ఏడాది మహాజత్‌లో వందలు ఎక్కువ కాదు, వాన పడని ఏడాది అవే వందలు చాలా ఎక్కువ. ఒమాన్ మైదానంలో 450 ఎక్కువ కానే కాదు. "ఎక్కువ" అనేది జంతువులో ఉండే గుణం కాదు. జంతువుకూ నేలకూ మధ్య ఉండే లెక్క.

మన వైపు: రోళ్ళపాడు, హైదరాబాద్

తెలుగు నేల మీద ఇలాంటివి జరిగాయా అని వెతికితే నాకు ముందు కనబడింది రోళ్ళపాడు. ఇది అప్పటి కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పక్షిని కాపాడడానికి 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. పేరులో మేక ఉన్నా అది పక్షి, మీటరు ఎత్తుండే బరువైన పక్షి. గడ్డిమైదానంలో నేల మీద గుడ్డు పెడుతుంది. అభయారణ్యం చిన్నది, ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

కాపలా పెట్టగానే పక్షి కంటే కృష్ణజింకకు ఎక్కువ మేలు జరిగింది. అది వేగంగా పెరిగింది. కృష్ణజింకకు గీత తెలియదు కదా. రాత్రిళ్ళు పక్క పొలాల్లోకి వెళ్ళి పంట మేసింది. పంట పోయిన రైతుకు కోపం వచ్చింది. కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. ఆ కోపం జింక మీదే కాక అభయారణ్యం మీద, పాపం ఏ పంటా పాడుచేయని పక్షి మీద కూడా పడింది. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక కనబడడమే గగనం. దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, గడ్డి నేల పొలాలుగా మారడం పెద్ద కారణం. కానీ ఒక జంతువు పెరుగుదల ఇంకో జంతువు మీద ఎలా పడుతుందో ఇక్కడ చూడొచ్చు.

హైదరాబాద్ కథ వేరు. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటమైదానం. 1975లో కృష్ణజింకల కోసం పార్కు చేశారు, విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. చిలుకూరు వైపు మృగవని ఉంది, అది ఇంకా చిన్నది. అప్పట్లో చుట్టూ పొలాలు, రాళ్ళ గుట్టలు. ఇప్పుడు చుట్టూ ఇళ్ళు, రోడ్లు. చిరుతలు, తోడేళ్ళు ఆ ఇళ్ళ మధ్య ఉండలేవు. దుప్పులు ఉండగలవు, పెరగగలవు.

తెలంగాణ అటవీ శాఖ ఎంచుకున్న దారి తరలింపు. నగరం చుట్టూ ఉన్న పార్కుల నుంచి చుక్కల దుప్పులను పట్టి కవ్వాల్ లాంటి అడవులకు పంపారు. కవ్వాల్ 2012 నుంచి పులుల రక్షిత ప్రాంతం. పులి రావాలంటే పులికి తిండి ఉండాలి. నగరంలో "ఎక్కువైన" దుప్పి అడవిలో "తక్కువైన" దుప్పి. ఇది చదివినప్పుడు కొంచెం బాధగా ఉంటుంది, పులి నోటికి పంపినట్టే కదా అనిపిస్తుంది. కానీ దుప్పి, పులి, గడ్డి మూడూ కలిస్తేనే అడవి.

దుప్పిని పట్టడం కూడా సులువు కాదు. అది చాలా బెదురు జంతువు. వెంటపడి పట్టుకుంటే భయంతో, ఒత్తిడితో కండరాలు దెబ్బతిని చచ్చిపోవచ్చు. అందుకని "బోమా" అనే పద్ధతి వాడతారు. ఆఫ్రికాలో పుట్టిన మాట ఇది. ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా గరాటులాగా తెరలు కడతారు. తెర అవతల ఏముందో కనబడదు కాబట్టి జంతువు దాన్ని గోడ అనుకుంటుంది. మెల్లగా నడిపించుకుంటూ పోతే చివర్లో లారీ ఉంటుంది. మనిషి చేయి తగలకుండానే ఎక్కుతుంది.

ఖతార్‌కు కవ్వాల్ ఎక్కడుంది?

తెలంగాణకు కవ్వాల్ ఉంది. ఖతార్‌కు ఏముంది? దేశం మొత్తం సుమారు 11,500 చదరపు కిలోమీటర్లు. పాత రోజుల్లో ఓరిక్స్‌కు ఖతార్ ఒక దేశం కాదు, పెద్ద ఎడారి చివరన ఒక మూల. వాన ఇటు పడితే ఇటు వచ్చేది, అటు పడితే అటు వెళ్ళేది. ఇప్పుడు మధ్యలో సరిహద్దు ఉంది. సరిహద్దు జంతువులకు ఎంత గట్టిగా తగులుతుందో 2017 జూన్‌లో అందరూ చూశారు. గొడవ మొదలవగానే సౌదీలో మేస్తున్న ఖతారీల వేల ఒంటెలను, గొర్రెలను వెనక్కి పంపేశారు. సరిహద్దు దగ్గర ఎండలో అవి నిలబడిపోయాయి. యజమాని ఉన్న జంతువులకే ఆ గతి పడితే, యజమాని లేని ఓరిక్స్ మాట చెప్పక్కర్లేదు.

ఉన్న నేల కూడా అలిసిపోయింది. ఖతార్‌లో రౌదా అనే మాట చాలా ఊరిపేర్లలో వస్తుంది. వాననీరు చేరే పల్లం అని అర్థం. అక్కడే కొంచెం మట్టి, తుమ్మ జాతి చెట్లు, రేగు జాతికి చెందిన సిద్ర్ చెట్లు, గడ్డి ఉంటాయి. ఒంటెలు, గొర్రెలు ఎక్కువై రౌదాలు బోసిపోయాయి. 2011లో ఖతార్ ప్రభుత్వం ఒంటెలను బయట మేపడం ఆపించింది. మొక్కలు మళ్ళీ లేవడానికి సమయం ఇవ్వడం కోసం. నాకు ఈ నిర్ణయం చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఎందుకంటే మొదటిసారి జంతువుల తలలు కాక గడ్డి పరకలు లెక్కపెట్టారు.

పడమటి తీరంలో అల్ రీమ్ అనే ప్రాంతాన్ని 2007లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. దేశంలో దాదాపు పదో వంతు. పేరు కూడా ఆ చిన్న గజెల్ పేరే. ఖతార్‌కు కవ్వాల్ లాంటిది ఎక్కడో రావాలంటే, అది ఇలాంటి చోటే రావాలి.

ఏం చేయొచ్చు

కంచెలో మంద పెరిగినప్పుడు మనుషుల ముందు నాలుగు దారులుంటాయి. ఒకటి, పుట్టకుండా ఆపడం: మగవాటిని వేరు చేయడం, మందులు ఇవ్వడం. రెండు, ఇంకో చోటికి పంపడం. మూడు, కొన్నింటిని చంపడం. యూరప్‌లో, అమెరికాలో జింకల విషయంలో ఇది మామూలుగా చేస్తారు. జాతీయ గుర్తు అయిన జంతువును చంపుతామని ఏ ప్రభుత్వమూ సులువుగా చెప్పలేదు. నాలుగు, నేలను పెంచడం.

నాలుగోది అసాధ్యం అనుకోకండి. ఓరిక్స్‌కు ఒక ఆఫ్రికా చుట్టం ఉంది, కొడవలి లాంటి వంపు కొమ్ములది. 2000లో అది అడవిలో అంతరించిందని ప్రకటించారు. కానీ అమెరికాలోని టెక్సస్ పశుక్షేత్రాల్లో వేలల్లో ఉంది. అక్కడ డబ్బు కట్టి వేటాడేవాళ్ళు కూడా. అబూ ధాబీ వాళ్ళు రకరకాల చోట్ల నుంచి ఒక మంద తయారుచేసి 2016 నుంచి చాద్ దేశంలో విశాలమైన నేల మీద వదలడం మొదలుపెట్టారు. 2023లో ఆ జాతి పేరు "అడవిలో అంతరించింది" అనే గడి నుంచి బయటికి వచ్చింది. ఒకచోట మిగులు, ఇంకోచోట విత్తనం.

విత్తనం అనే మాట ఊరికే వాడలేదు. మన రైతులు పంట మొత్తం తినరు, అమ్మరు. కొంత విత్తనానికి దాస్తారు. గల్ఫ్ దేశాలు కష్టకాలంలో చేసింది అదే. ఓరిక్స్‌ను గాదెలో దాచాయి. దాచకపోతే ఈరోజు ఒక్కటీ ఉండేది కాదు. ఆ గొప్పతనం ఎవరూ కాదనలేరు. కానీ విత్తనాన్ని ఎప్పటికీ గాదెలోనే ఉంచితే పురుగు పడుతుంది. ఏదో ఒక రోజు పొలంలో వేయాలి.

కంచెలో తరాలు గడిస్తే ఏం పోతుందో కూడా చూడాలి. వాన వాసన పట్టి నడవడం, మంద పెద్ద వెనక వెళ్ళడం, ఏ పొద కింద పగలు పడుకోవాలో తెలియడం, ఇవన్నీ తల్లి నుంచి పిల్లకు వచ్చే విద్య. తొట్టి దగ్గర పెరిగిన తల్లి తొట్టినే నేర్పుతుంది. ఇంట్లో మాట్లాడని భాష పిల్లలకు రానట్టే. ఇది చదివే మనకు ఆ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. "మన దగ్గర ఎన్ని ఓరిక్స్‌లున్నాయి?" అనే ప్రశ్నకు ఖతార్ ఇప్పటికే మంచి జవాబు ఇచ్చింది. ఇక అడగాల్సింది "ఎన్నింటికి మేత వేయక్కర్లేదు?" అని. ఆ అంకె పెరిగినప్పుడే ఓరిక్స్ నిజంగా తిరిగొచ్చినట్టు. దానికి పల్లాల్లో గడ్డి లేవాలి, రక్షిత ప్రాంతాలు ఒకదానితో ఒకటి కలవాలి, పక్క దేశాలతో మాట కుదరాలి. ఇవన్నీ ఓరిక్స్ పిల్లలను పెంచడం కంటే కష్టం, నెమ్మది.

ఈ వ్యాసంలో మాటలు

దొడ్డి: పశువులను కట్టే లేదా మూసి ఉంచే చోటు.
మంద: ఒకేచోట తిరిగే జంతువుల గుంపు. గొర్రెలకు, జింకలకు రెండింటికీ వాడొచ్చు.
ఈనడం: జంతువు పిల్లను కనడం. మనుషులకు ఈ మాట వాడకండి, తిట్టినట్టు ఉంటుంది.
మోపు: ఒక మనిషి నెత్తిన పెట్టుకుని మోయగల గడ్డి కట్ట.
గాదె: ధాన్యం నిలవచేసే చోటు.
గగనం: అసలు అర్థం ఆకాశం. "కనబడడమే గగనం" అంటే కనబడడం చాలా కష్టం.
పైచిలుకు: చెప్పిన అంకె కంటే కొంచెం ఎక్కువ.

ఒక చిన్న పని కూడా ఇస్తున్నాను. మీ అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసినప్పుడు చుక్కల దుప్పిని వాళ్ళ ఊళ్ళో ఏమనేవాళ్ళో అడగండి. పొలంలో జింకలు పడితే ఏం చేసేవాళ్ళో కూడా అడగండి. పేరు ఒక్క మాటలో చెప్పేస్తారు. రెండో ప్రశ్నకు మాత్రం కుర్చీ వేసుకుని కూర్చోండి, చాలాసేపు చెప్తారు.